కళ్లకు గంతలు... ఎనిమిది సిరీసులు... ఎడతెగని తగువు!

"మా హీరో గొప్పా, మీ హీరో గొప్పా?" అన్న తగువు మన కుర్రకారుకి కొత్తేం కాదు. ఇంటర్వెల్లో తెచ్చుకున్న సమోసా చల్లారిపోయినా ఆ లెక్క తేలదు. ఇంగ్లాండులో ఇలాంటి తగువే ఒకటి, ముప్ఫై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. అక్కడ హీరో ఓ నటుడు కాదండోయ్... పిల్లల టీవీ ఆట! పేరు 'నైట్‌మేర్'. 1987 నుంచి 1994 దాకా ఏడాదికొకటి చొప్పున ఎనిమిది సిరీసులు వచ్చాయి. అందులో ఏది గొప్ప, ఏది చెత్త? ఇదీ గొడవ. ఎనిమిదీ వరసపెట్టి చూసినవాణ్ణి కనుక నా ఓటూ వేసేస్తాను. తిట్టదలచినవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి!

ముందు ఆట సంగతి. నైట్ అంటే కవచం తొడిగి గుర్రమెక్కే వీరుడు. నైట్‌మేర్ అంటే పీడకల. ఇంగ్లీషులో ముందొక 'కె' అక్షరం తగిలించి ఈ రెంటినీ ఒకే పేరులో ఇరికించారు. నలుగురు బడిపిల్లలు ఒక జట్టు. ఒకరి నెత్తిన కళ్లను కప్పేసే పెద్ద శిరస్త్రాణం పెట్టి మాయకోటలోకి తోలేస్తారు. మిగిలిన ముగ్గురూ బయట కూర్చుని, తెర మీద చూస్తూ, "రెండడుగులు ముందుకెయ్... ఆగాగు... ఎడమకి జరుగు!" అని కేకలు పెట్టాలి. లోపలి పిల్లకో పిల్లాడికో ఏమీ కనబడదు. స్నేహితుల గొంతే కళ్లు! ఎడమ, కుడి తడబడ్డారా, అగాధంలోకి సరాసరి ప్రయాణం. కోట యజమాని ట్రెగార్డ్ (నటుడు హ్యూగో మయాట్) తాపీగా "ఊ... నాస్టీ!" అని చప్పరిస్తాడు. ఆ మాట అక్కడి పిల్లలకి ఊతపదమైపోయింది.

ఇంతకీ ఆ గంతలు ఎందుకు? అసలు కిటుకంతా అక్కడే ఉంది. నారిచ్ నగరంలోని ఆంగ్లియా టెలివిజన్ స్టూడియోలో కోటా లేదు, కొండా లేదు. ఉన్నదల్లా నీలంరంగు పూసిన ఖాళీ గది! కెమెరా ఆ నీలాన్ని తీసేసి, దాని చోట చిత్రకారుడు డేవిడ్ రో వేసిన కోటగదుల బొమ్మల్ని కూర్చేది. పిల్లాడు కళ్లు తెరిచి చూస్తే వాడికి కనబడేది నీలిగోడే. ఆ లోపాన్నే ఆటగా మలిచాడు దీని సృష్టికర్త టిమ్ చైల్డ్. 'అటిక్ అటాక్' లాంటి ఆనాటి కంప్యూటర్ ఆటలు చూశాక ఆయనకీ ఆలోచన తట్టిందట. విఠలాచార్య జానపదాల్లో కత్తి దూసే హీరోకి ఎదురుగా రాక్షసుడు లేడని తెలుసు, తెలిసే నటిస్తాడు. ఇక్కడ పిల్లాడు నటించడు. నిజంగానే తడుముకుంటాడు. అందుకే ఈ ఆట ఇన్నేళ్లు గుర్తుండిపోయింది.

ఇక తగువులోకి వద్దాం.

ఒక వర్గం వాళ్లకి మొదటి మూడు సిరీసులే దేవుళ్లు. చేత్తో వేసిన ఆ గదుల్లోని చీకటి, వత్తి కాలిపోతూ ఉండే బాంబు గది, పొడుపుకథలు విప్పమనే రాతిముఖం... అబ్బ! ప్రాణశక్తి తగ్గుతుంటే తెరపై కనిపించే వీరుడి ముఖం కవచం ఊడి, చర్మం ఊడి, చివరికి పుర్రె అయిపోయేది. పిల్లల కార్యక్రమంలో ఇంత భయమా అంటే, ఇంతే! పైగా మంచి మాంత్రికుడు మెర్లిన్, దుష్టుడు మాగ్‌డ్రెడ్ ఇద్దరూ ఒక్కరే, జాన్ వుడ్‌నట్. ద్విపాత్రాభినయమన్నమాట! ట్రెగార్డ్ కూడా అప్పట్లో ఎవరి పక్షమూ కాదు. పిల్లలు గెలిచినా ఓడినా ఆయనకొకటే.

రెండో వర్గం నడిమి సిరీసులది. నాలుగో సిరీసు (1990) నుంచి బొమ్మల గదులతో పాటు నిజమైన కోటల దృశ్యాలు చేరాయి. పిల్లాడి చేతికి కన్ను ఉన్న డాలు ఇచ్చారు. గది నుంచి గదికి వెళ్లే దారి స్నేహితులకి ఆ కంటితోనే కనబడుతుంది. ట్రెగార్డ్ పక్కన పికిల్ అనే చిలిపి సహాయకుడు చేరాడు (అవును, పికిల్ అంటే మన ఊరగాయే). అయిదో సిరీసులో లార్డ్ ఫియర్ అనే విలన్ దిగాడు. వేసిన నటుడి పేరు మార్క్ నైట్... ఇంటిపేరులోనే నైట్ ఉంది చూడండి! దాంతో ఆట కథగా మారింది. ట్రెగార్డ్ పిల్లల పక్షానికి వచ్చేశాడు. పాతవాళ్లు దీన్నే తప్పుపడతారు: పులి కాస్తా పెంపుడు తాతయ్య అయిపోయాడని!

ఎనిమిదోదాన్ని సమర్థించేవాళ్లు తక్కువ. పదే ఎపిసోడ్లు. గదులు కంప్యూటర్ గీసినవి. నున్నగా, బోసిగా ఉంటాయి. "ఇదీ చెత్త" అని ఎక్కువమంది వేలు చూపేది దీన్నే.

ఇక్కడే నాకు పేచీ. బొమ్మ అందంగా లేదని సినిమాని తీసిపారెయ్యొచ్చునేమో. ఆటని మాత్రం అలా తియ్యకూడదు. ఆటకి ఉండాల్సిన మొదటి గుణం న్యాయం. మొత్తం 112 ఎపిసోడ్లలో గెలిచిన జట్లు 8. అంతే! మొదటి సిరీసులో ఒక్కరూ గెలవలేదు. సరే, అది ఎనిమిది ఎపిసోడ్ల తొలి అడుగు. రెండోదాంట్లో ఇద్దరు గెలిచారు. మూడోదాంట్లో? పదహారు ఎపిసోడ్లు, గెలుపు సున్నా!

కష్టమే దాని గొప్ప అంటారు అభిమానులు. క్లాసులో ఒక్కడు తప్పితే వాడు చదవలేదనుకుంటాం. క్లాసంతా తప్పితే పేపరు దిద్దినాయన్ని కాదు, పేపరు ఇచ్చినాయన్ని అడగాలి. పాత సిరీసుల్లో ఓ చిక్కుంది. బల్లమీద పెట్టిన వస్తువుల్లోంచి రెండే తీసుకోవాలి. పొరపాటు వస్తువు తీసుకున్న జట్టుకి ఆ సంగతి అప్పుడు తెలియదు. నాలుగైదు గదులు దాటాక, ఎదురుగా దారి మూసుకున్నాక తెలుస్తుంది. అప్పటికే ఆ పిల్లలు ఓడిపోయి ఉన్నారు, ఉత్తినే నడుస్తున్నారన్నమాట. ఇది చాలదన్నట్టు సిరీసు గడువు అయిపోతే, ఆడుతున్న జట్టుని మధ్యలోనే ఇంటికి పంపిన సందర్భాలున్నాయి. వాళ్లు చేసిన తప్పేమిటి? ఆఖరున రావడం!

మూడో సిరీసులో పాత్రలు బాగున్నాయి, బొమ్మలు ఇంకా బాగున్నాయి. ఒప్పుకుంటాను. కానీ శిరస్త్రాణం కింద చెమటలు పట్టిన పిల్లాడి వైపు నుంచి చూస్తే, నా చెత్త ఓటు దానికే. రాళ్లు వెయ్యండి, కాచుకుంటాను.

గొప్ప ఓటు నాలుగోదానికి. భయం తగ్గలేదు, దారి మూసుకోలేదు. ఇద్దరు గెలిచారు. ఆ రెండు గెలుపులూ చూస్తే మీకే తెలుస్తుంది. లోపలున్నవాళ్ల ధైర్యం ఎంతో, బయట ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు పడకుండా దారి చెప్పడం అంతే. ఓడినవాళ్లు కూడా చాలావరకు తమ కేకలు కలగాపులగమై ఓడినవాళ్లే. అలాంటి ఓటమి చూస్తే జాలేస్తుంది, కోపం రాదు.

ఎనిమిదోదాని గురించి ఒక్క మాట. బోసిగా ఉన్నా, పది ఎపిసోడ్లే అయినా, దాంట్లోనూ ఒక జట్టు గెలిచింది. 1994 నవంబర్ 11న ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. 2013 ఆగస్టులో యూట్యూబ్ కోసం ఒకే ఒక్క ప్రత్యేక ఎపిసోడ్ తీశారు. ట్రెగార్డ్‌గా మళ్లీ హ్యూగో మయాటే! గడ్డం నెరిసింది గానీ ఆ చప్పరింపు మాత్రం అదే.