వెలుగులో కాదు, వెనకాల

ఫిబ్రవరి నెలలో రాత్రి ఎనిమిది దాటాక తలెత్తితే ఓరియన్ మండలంలోని మూడు చుక్కలు ఒకే వరుసలో కనిపిస్తాయి. మన ఆర్ద్ర నక్షత్రం కూడా ఆ మండలంలోదే. ఆ వరుసకు కాస్త దక్షిణంగా మసకగా కనిపించే మరకే ఓరియన్ నీహారిక. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. ఊరి దీపాలు అడ్డు రాకపోతే మామూలు కంటికే ఆనుతుంది.

అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయని అంతా చెబుతారు. నిజమే. కానీ ఫొటోల్లో చూసి మనం మురిసిపోయే ఎర్రటి వెలుగులో మాత్రం కాదు.

ఆ వెలుగుకు మూలం నీహారిక నడుమ ఉన్న ట్రపీజియం అనే చిన్న నక్షత్రాల గుంపు. అందులో తీటా-1 ఓరియనిస్ సి అనే నక్షత్రం ఉపరితలపు వేడి దాదాపు 39,000 డిగ్రీలు. దాని అతినీలలోహిత కిరణాలు హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. విడిపోయిన ఎలక్ట్రాన్ మళ్లీ పరమాణువుకు చిక్కి మెట్లు దిగినట్టు కిందికి వస్తుంది. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగేటప్పుడు వెలువడేదే ఆ ఎరుపు. ఇలా నీహారిక తానే కాంతిని వెదజల్లుతుంది కాబట్టి దీన్ని ఉద్గార నీహారిక అంటారు.

నీహారికలోని ఆకుపచ్చ వెలుగు కథ ఇంకా రసవత్తరం. 1864లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హగ్గిన్స్ డ్రాకో మండలంలోని ఓ నీహారిక కాంతిని వర్ణపటంగా విడదీస్తే, తెలిసిన ఏ మూలకానికీ సరిపడని ఆకుపచ్చ గీత కనబడింది. ఓరియన్‌లోనూ అదే గీత. లేని మూలకానికి ‘నెబ్యులియం’ అని పేరు కూడా పెట్టేశారు! 1927లో భౌతిక శాస్త్రవేత్త ఐరా బోవెన్ గుట్టు విప్పాడు: ఆ గీత రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌ది. ప్రయోగశాలలో పరమాణువులు క్షణక్షణం ఢీకొంటూ, ఆ ఆక్సిజన్ వెలగకముందే దాని శక్తిని లాగేసుకుంటాయి. నీహారికలో ఘన సెంటీమీటరుకు సాధారణంగా కొన్ని వేల కణాలకు మించి ఉండవు కనుక ఆక్సిజన్‌కు తీరిగ్గా వెలిగే వ్యవధి దొరుకుతుంది.

ఇంత పలచని, పది వేల డిగ్రీల వాయువు గురుత్వాకర్షణకు లొంగదు. నక్షత్రం కట్టాలంటే చలి కావాలి. ఆ చలి నీహారిక వెనకనున్న నల్లటి అణుమేఘంలో ఉంది: సున్నాకు దిగువన 250 డిగ్రీలకు పైమాటే. అక్కడ చిక్కబడిన ముద్ద తన బరువుకు తానే కుంగి, వేడెక్కి, నడుమ కోటి డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుంది. ధూళిని దాటి మామూలు కాంతి బయటికి రాదు. అందుకే ఖగోళ శాస్త్రవేత్తలు బెక్లిన్, నోయ్‌గెబావర్ 1960లలో పరారుణ కిరణాలతో వెతికాకే ఆ మేఘంలో దాగిన ఓ పసి నక్షత్రం బయటపడింది.

ట్రపీజియం వేడి ఈ మేఘాన్ని ముందు వైపు నుంచి తొలిచేస్తోంది. 1990లలో హబుల్ టెలిస్కోపు ఇక్కడి పసి నక్షత్రాల చుట్టూ వాయుధూళి చక్రాలను చూపించింది. గ్రహాలు పుట్టాల్సింది వాటిలోనే. ట్రపీజియానికి మరీ దగ్గరున్న చక్రాల నుంచి మాత్రం వాయువు ఇప్పటికే ఎగిరిపోతూ, వెనక్కి తోకలు సాగుతున్నాయి.