ఉసిరి పాకంతో జలుబు పోతుందా?

పిల్లలూ! గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తితీతలు సాగే రోజులకు తెల్లవారుజామున మంచు దిగుతుంది. తరగతిలో తుమ్ములూ మొదలవుతాయి. సంతలోకి ఉసిరికాయలు వచ్చేదీ అప్పుడే. “ఉసిరి పాకం నాకితే రొంప పోతుంది” అంటుంది నాయనమ్మ. ఇందులో నిజమెంత?

ముందు పాకం చేద్దాం. పొయ్యి దగ్గర పెద్దవారు ఉండాలి సుమా! అరకిలో కాయలు కడిగి, కాసేపు ఆవిరి మీద మెత్తబరచండి. గింజలు తీసి, రుబ్బి, శుభ్రమైన గుడ్డలో పిండండి. రసం తూచి, దానికి రెట్టింపు పంచదార వేసి, కరిగేవరకే సన్నని సెగ మీద ఉంచండి. ఎక్కువ మరిగిస్తే విటమిన్-సి నశిస్తుంది. చెంచాడు అల్లం రసం కలిపి పొడి సీసాలో పోయండి.

అంత పంచదార ఎందుకు? చిక్కని పాకంలో పడిన సూక్ష్మజీవుల కణాల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది. ఇక అవి పెరగలేవు. ఇదే ద్రవాభిసరణం. ఊరగాయలో ఉప్పు చేసే పనీ ఇదే. తడి చెంచా పెట్టారో, పాకం పలచబడి బూజు పడుతుంది.

ఇనుప, రాగి పాత్రలు వద్దు. పాత ఇనుప కత్తిపీటతో ఉసిరికాయ కోసి చూడండి. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి సిరాలా నల్లబడతాయి. రాగి తగిలితే విటమిన్-సి త్వరగా ఆక్సీకరణం చెందుతుంది.

ఈ విటమిన్ కథలో మిరపకూ చోటుంది. 1930లలో హంగరీలోని సెగెడ్‌లో ఆల్బర్ట్ సెంట్ జార్జి దీన్ని పెద్ద మొత్తంలో రాబట్టింది పచ్చిగా ఉన్న ఎర్ర మిరపపండ్ల నుంచే! 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కళ్లంలో ఎండిన మిరపలో మాత్రం విటమిన్-సి చాలావరకు పోతుంది. కనుక కారం దట్టించి లాభం లేదు.

జలుబు తెచ్చేవి వైరస్‌లు. విటమిన్-సి జలుబును అడ్డుకుంటుందని 1970లో లైనస్ పౌలింగ్ పుస్తకం రాశాడు. తరువాతి పరీక్షల్లో మామూలు జనానికి అలా తేలలేదు. రోజూ పెద్ద మోతాదులో తీసుకున్న పిల్లలకు జలుబు కాలం సుమారు 14 శాతం తగ్గింది. అంటే ఏడు రోజులది ఆరయిందన్నమాట! జలుబు పట్టాక మొదలుపెడితే ఆ మేలూ స్పష్టంగా కనబడలేదు. చెంచాడు పాకంలో అంత విటమినూ ఉండదు.

అయినా నాయనమ్మ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. తీయని చిక్కని పాకం గొంతు గరగరను కాసేపు తగ్గిస్తుంది. తాతయ్యకు చక్కెర వ్యాధి ఉంటే సీసా అందనివ్వకండి. తేనె కలిపితే ఏడాది నిండని పాపకు అసలు పెట్టవద్దు. తేనెలో ఉండగల ఒక బాక్టీరియా పసివాళ్లకు ప్రాణాపాయం.

ఇంట్లో చిన్నవాళ్లు దగ్గుతుంటే, నిదానంగా ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టండి. రెండు నెలలు నిండినవారికి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా పాకంతో పొద్దు గడపకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లమని పెద్దవాళ్లకు చెప్పండి.