ల్యాప్‌టాప్ బొమ్మ టీవీలో రావడం లేదా? ఈ వరుసలో చూడండి



పరీక్షల రోజుల్లో పిల్లలు రివిజన్ వీడియోల కోసం ల్యాప్‌టాప్ మీదకు గంటల తరబడి వంగి కూర్చుంటారు. అదే పాఠాన్ని టీవీలో పెట్టి కాస్త దూరంగా కూర్చోబెడితే మెడకు, కళ్లకు హాయి. తీరా పెట్టబోతే కనెక్ట్ కాదు. చాలాసార్లు టీవీలో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ లోపం ఉండదు. కొత్త పరికరం కొనేముందు కింది విషయాలు చూడండి.

ముందు పద్ధతి తెలుసుకోండి
విండోస్ ల్యాప్‌టాప్‌లు వాడేది 2012లో వచ్చిన మిరాకాస్ట్. ఇందులో ల్యాప్‌టాప్, టీవీ నేరుగా కలుస్తాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు కానీ వైఫై ఆన్‌లో ఉండాలి. క్రోమ్ బ్రౌజర్ నుంచి క్రోమ్‌కాస్ట్‌కు గానీ గూగుల్ టీవీకి గానీ పంపాలంటే మాత్రం రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ల్యాప్‌టాప్ ఇంటి వైఫైలో, టీవీ ఫోన్ హాట్‌స్పాట్‌లో ఉంటే ఒకదానికొకటి కనిపించవు. రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌తోనూ ఇదే చిక్కు.

టీవీ పేరు కనిపించకపోతే
1. రిమోట్‌తో సోర్స్ మెనూలోకి వెళ్లి స్క్రీన్ మిర్రరింగ్ లేదా స్క్రీన్ షేర్ తెరిచి ఉంచండి.
2. ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, కె కలిపి నొక్కండి. జాబితాలో మీ టీవీ పేరు ఎంచుకోండి.
3. అయినా రాకపోతే రెండింటినీ ఆపి, టీవీ ప్లగ్ తీసి, ఒక నిమిషం తర్వాత మళ్లీ ఆన్ చేయండి.
4. వీపీఎన్ ఉంటే ఆపి చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కంపెనీయే ఈ సౌకర్యాన్ని ఆపి ఉండవచ్చు. సెట్టింగులు మార్చకుండా మీ ఐటీ విభాగాన్ని అడగండి.

కనెక్ట్ అయ్యాక వచ్చే ఇబ్బందులు
బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే, టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు దగ్గర టీవీని ఎంచుకోండి. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ల్యాప్‌టాప్‌ను టీవీకి దగ్గరగా జరపండి. కొన్ని ఓటీటీ యాప్‌లలో నల్లతెర వస్తే అది కాపీరైట్ రక్షణ వల్ల కావచ్చు. పాఠం యూట్యూబ్‌లోనే ఉంటే టీవీలోని యూట్యూబ్ యాప్‌లో నేరుగా పెట్టడం అన్నిటికన్నా సులువు.

లైవ్ క్లాసుకు వైర్‌లెస్ అంత నప్పదు. బొమ్మ ఒకింత ఆలస్యంగా చేరుతుంది. టీచర్ ప్రశ్న అడిగినప్పుడు మీ పిల్లలు ఆలస్యంగా జవాబిస్తారు. అలాంటప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ మేలు.

రెండు జాగ్రత్తలు
అపార్ట్‌మెంట్లలో పక్కింటి టీవీ పేరు కూడా జాబితాలో కనిపించవచ్చు. అందుకే మీ టీవీకి గుర్తుపట్టే పేరు పెట్టి, పిన్ అడిగే ఏర్పాటు ఉంటే ఆన్ చేయండి. తెరపై కనిపించేదంతా టీవీలో పడుతుంది కాబట్టి ముందే వాట్సాప్, మెయిల్ మూసి, డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. పాఠం అయ్యాక డిస్‌కనెక్ట్ చేయడం మరవకండి.

వీలైతే ఈ పని పిల్లల చేతే చేయించండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసి, తర్వాతి దానికి వెళ్లమనండి. సైన్స్ ల్యాబ్‌లో మేం నేర్పేదీ ఇదే.