రాజ్‌దూత్ 350 ఇంజన్‌లో ఎవరి చెయ్యి పడింది?

కాచిగూడ సందుల్లోని ఏ షెడ్డుకైనా సెకండ్‌హ్యాండ్ రాజ్‌దూత్ 350 వచ్చిందంటే, ఉస్తాద్ పానా కంటే ముందు వెర్నియర్ చేతపట్టడం మంచిది. ఫ్యాక్టరీలో బండి ఎలా పుట్టిందో మాన్యువల్ చెబుతుంది. చేతులు మారుతున్నకొద్దీ ఎవరు ఏం చేశారో సిలిండరే చెప్పాలి.

పైపై మార్పులు పట్టుకోవడం తేలికే. ఆయిల్ పంపు పీకేసి పెట్రోల్లోనే టూటీ ఆయిల్ కలుపుతున్నారా, ఇగ్నిషన్ పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ సి.డి.ఐ. పెట్టారా అన్నవి చూడగానే తెలుస్తాయి. అసలు చిక్కు పొగ బయటికి పోయే కన్నం, అంటే ఎగ్జాస్ట్ పోర్టుది. పికప్ పెంచుదామని ఎవరో ఒకప్పుడు దాని పై అంచుని ఒక మిల్లీమీటరు అరగదీసి ఉంటారు.

ఒక్క మిల్లీమీటరుతో ఏమవుతుంది? ఈ టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్‌కి వాల్వులుండవు. కిందికీ పైకీ పోయే పిస్టనే గోడలోని కన్నాల్ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దీని స్ట్రోక్ 54 మిల్లీమీటర్లే. అంచు ఒక మిల్లీమీటరు లేస్తే పోర్టు క్రాంకు చుట్టులో సుమారు రెండు డిగ్రీలు ముందు తెరుచుకుని, రెండు డిగ్రీలు ఆలస్యంగా మూసుకుంటుంది. పొగతో పాటు కాలని పెట్రోలూ బయటికి జారిపోవడానికి ఆ వ్యవధి చాలు.

ఆ జారిపోయేదాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం అద్భుతమైనది. పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి ఎగ్జాస్ట్ పైపులోకి దూకుతుంది. పైపు వెడల్పయ్యే చోట దాని ప్రతిబింబం పీల్చే అలగా వెనక్కొచ్చి, సిలిండర్‌లోని పొగను లాగేసి కొత్త మిశ్రమాన్ని రప్పిస్తుంది. ముందుకెళ్లిన అల పైపు మళ్లీ సన్నబడే చోట కొట్టుకుని, ఈసారి నెట్టే అలగా తిరిగొస్తుంది; బయటికి పోతున్న మిశ్రమాన్ని, పోర్టు మూసుకునే ముందు లోపలికి తోసేస్తుంది. నిమిషానికి 7,500 చుట్ల దగ్గర ఒక్కో చుట్టుకి 8 మిల్లీసెకన్లే. అందులో సగం కాలంలో అల పోయి రావాలి. కాబట్టి పోర్టు ఎత్తు, పైపు పొడవు ఒకదానికొకటి శ్రుతి కలవాలి.

ఈ విద్యను పండించినవాడు తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికి ఆయన 125 సి.సి. నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు, అంటే లీటరుకి 200! ఆ ఏడాది స్వీడన్ రేసులో కాడెన్ రేసర్ ఎర్నస్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయాడు. అతని భార్యాపిల్లలను కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. మరుసటేడే డెగ్నర్ సుజుకీ మీద 50 సి.సి. ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కాడెన్ రహస్యం జపాన్ చేరింది. యమహా ఆర్‌డీ350 కూడా ఆ టూ స్ట్రోక్ పరంపరలోదే. అదే 1983లో ఎస్కార్ట్స్ చేతుల్లో రాజ్‌దూత్ 350 పేరుతో మన రోడ్లెక్కింది. 30.5 హార్స్‌పవర్ 'హై టార్క్', 27 హార్స్‌పవర్ 'లో టార్క్' అని రెండు రకాలు. ఎనభైల చివరికల్లా తయారీ ఆగింది.

ఇప్పుడు సామాన్లు కలగాపులగంగా దొరుకుతాయి: ఒకదాని సిలిండర్, మరొకదాని సైలెన్సర్. అందుకే హెడ్ విప్పాక క్రాంకుకి డిగ్రీ చక్రం తగిలించి, రెండు సిలిండర్ల పోర్టులూ ఏ డిగ్రీల దగ్గర తెరుచుకుంటున్నాయో విడివిడిగా కొలవాలి. రెండూ తేడాగా ఉంటే, సిలిండర్లు వేర్వేరు బండ్లవైనా అయి ఉండాలి, ఎవరో చేత్తో పోర్టు అరగదీసైనా ఉండాలి. క్రాంక్ సీళ్ల నుంచి గాలి జొరబడుతోందేమో చూడకుండా కార్బురేటర్ జెట్ మార్చకండి. అదనపు గాలికి మిశ్రమం పల్చబడి పిస్టన్ పట్టేస్తుంది. కొలతలన్నీ కాగితం మీద రాసి, బండి అమ్మేటప్పుడు ఆర్.సి.తో పాటు కొన్నవాళ్లకి ఇవ్వండి.