టిఫిన్ బాక్సులోకి తైదలు, కొర్రలు



చిరుధాన్యాల కోసం మనం ఇప్పుడు సూపర్ మార్కెట్లలో వెతుకుతున్నాం గానీ, జహీరాబాద్‌కు అవి కొత్త కాదు. పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా ఈ విత్తనాలను కాపాడుతున్నాయి. పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్లపై ఊరూరా తిరిగేవి అవే. ఆ కృషికి 2019లో ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

100 గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎదిగే ఎముకలకు ఇది చిన్న తేడా కాదు.

అలాగని రేపే అన్నం మాన్పించి కొర్రలు పెట్టకండి, బాక్సు నిండుగా ఇంటికి తిరిగొస్తుంది! కొర్రలను కొన్ని గంటలు నానబెట్టి, మొదట వారానికి రెండు రోజులు ఉప్మాగా చేయండి. లేదా దోసె పిండిలో పావు వంతు కలపండి. పీచు ఎక్కువ కాబట్టి పిల్లలతో నీళ్లు బాగా తాగించండి.

'మిల్లెట్' బిస్కెట్ల సంగతి వేరు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నదాన్నే ముందు రాస్తారు. మైదా, చక్కెర మొదట కనిపిస్తే అది మామూలు బిస్కెటే. దాని బదులు నానమ్మ చేసిన జొన్న రొట్టెకు నెయ్యి రాసి, కాస్త బెల్లం పెట్టి చుట్టి ఇవ్వండి.