ద్రాక్షతోటలో ఒక ఆదివారం

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే గొడవ. ఆయనకి మధ్యాహ్నం కునుకు కావాలి, పిల్లలకి సినిమా కావాలి, నాకేమో ఆ ఒక్క పూటైనా స్టవ్ ముందు నిలబడకుండా ఉంటే చాలనిపిస్తుంది. ఈ మూడూ కాకుండా, "ద్రాక్షతోటకి పోదామా?" అన్నది మా అత్తమ్మ. మోకాళ్ల నొప్పులని గుడికి కూడా రానంటుంది ఆవిడ! ఇక ఎవరు కాదంటారు?

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. అనాబ్-ఎ-షాహి అనే పెద్ద తెల్ల ద్రాక్ష ఈ ఊరి పేరు మీదే ప్రసిద్ధికెక్కింది. మేడ్చల్ దగ్గర అత్తమ్మ పుట్టింటివాళ్లకీ ఒక తోట ఉండేదట. ప్లాట్లు వేసి చాలావరకు అమ్ముకున్నాక, ఇప్పుడు కీసర, శామీర్‌పేట వైపు అక్కడక్కడా మిగిలాయి. వాటిలో కొన్ని తోటలవాళ్లు పంట కోతకొచ్చినప్పుడు మనల్ని లోపలికి రానిచ్చి, మన చేత్తోనే గుత్తులు కోసుకోనిస్తారు. కోసినవి కాంటా వేసి డబ్బు తీసుకుంటారు.

ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి దాకా ఇందుకు మంచి అదను. మన వైపు ద్రాక్షతీగలకి ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో ఒకసారి, మళ్లీ అక్టోబరు ప్రాంతంలో. ఈ రెండోసారి కత్తిరించాక వచ్చిన పూతే ఎండలు ముదిరేసరికి పండుతుంది. సరిగ్గా అప్పుడు వాన పడిందా, పండు పగిలి కుళ్లిపోతుంది. సంవత్సరం కష్టం రెండు రోజుల్లో పోయినట్టే.

పందిరి కిందికి వెళ్తే బయట ఎండ ఉన్నట్టే తెలియదు. తల వంచుకుని నడవాలి, గుత్తులు నెత్తికి తగులుతుంటాయి. పిల్లలు ఆగుతారా! నేను కత్తెర తీసేలోపే మా చిన్నాడు నాలుగు గుత్తులు లాగేశాడు. నాలుగూ పచ్చివే. నోట్లో వేసుకుని మొహం చిట్లించి కింద పడేయబోయాడు.

తోట ఆమె చూసింది. కోప్పడలేదు. "బిడ్డా, మామిడికాయ లెక్క గడ్డిల పెడితె పండేది కాదు గిది. తీగె మీదనే పండాలె" అన్నది. నిజమే, కోసిన ద్రాక్షకి ఆ తర్వాత తీపి పెరగదు. బజార్లో కొన్నప్పుడూ ఇది గుర్తుంచుకోండి, పుల్లగా ఉంటే రేపటికి పండుతుందిలే అనుకుని తేవద్దు.

"పోనీయ్ పెద్దమ్మా, పిల్లగాడు" అని ఆమె ఆ నాలుగు గుత్తులూ పక్కన పెట్టబోతే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "తెంపినం కాబట్టి కాంటా మీద పెట్టు. మాకూ ఉండె తోట" అన్నది. ఆ తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని మందు కొట్టడం, కూలీల ఖర్చు, వాన మబ్బులు అంటూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఇంట్లో టీవీ చూస్తూ కూడా ఆవిడ అంత హుషారుగా ఉండగా నేను చూడలేదు.

వెళ్లాలనుకునేవారికి కొన్ని మాటలు. ముందు ఫోన్ చేసి కోత ఉందో లేదో, అన్నం తెచ్చుకోనిస్తారో లేదో, బాత్రూమ్ ఉందో లేదో అడగండి. మూడోది మగవాళ్లకి గుర్తురాదు! చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో కూడా మొహమాటపడకుండా అడగండి. తోటలోనే కడగకుండా తినేయడం మంచిది కాదు. పండు మీద తెల్లటి పొడిలాంటిది సహజంగా ఉండేదే, నీలం మరకలు మాత్రం మందువి కావచ్చు. పాలిథిన్ కవర్లో పండు చెమ్మగిల్లుతుంది, అడుగున పేపరు పరిచిన అట్టపెట్టె పట్టుకెళ్లండి. ఇంటికొచ్చాక అన్నీ ఒకేసారి కడిగేయకుండా ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు కడుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వ్యవసాయ బావులకి చాలాచోట్ల గట్టు ఉండదు. పిల్లల చెయ్యి వదలొద్దు.

ద్రాక్ష అయిపోతే ఏముందనుకోకండి. వేసవిలో తాటిముంజలు, దసరా రోజుల్లో సీతాఫలాలు, కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనాలు, సంక్రాంతికి రేగిపళ్లు, పచ్చి కందికాయలు. ఏదో ఒక వంక ఉంటూనే ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మ కారు మేడ్చల్ వైపు తిప్పమన్నది. అపార్ట్‌మెంట్ల ముందు ఆపి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ చూపించి "మా బాయి గాడ్నే ఉండె" అన్నది. దిగలేదు. కాసేపటికి "పా, పచ్చిమిర్చి కొనాలె, తొక్కు నూరుదాం" అన్నది.

ఆ తొక్కు ఇదీ. పావుకిలో పుల్ల ద్రాక్ష కడిగి తుడిచి, గింజలుంటే తీసేయండి. రెండు చెంచాల నూనెలో ఎనిమిది పచ్చిమిర్చి వేయించి తీసి, అదే మూకుడులో ద్రాక్ష వేసి నీరంతా ఇగిరేదాకా మగ్గించాలి. చల్లారాక మిర్చి, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా నూరి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టండి. చింతపండు అక్కర్లేదు. వేడన్నంలో నెయ్యి వేసుకుని అందరం తిన్నాం, ఆ కాయలు తెంపినవాడు తప్ప.