మెదడు రక్తనాళాల వాపు: పరీక్షలు, చికిత్స

పరీక్షల రోజుల్లో పిల్లలు తలనొప్పి అంటే చదువు ఒత్తిడి అనుకుంటాము. చాలాసార్లు అది నిజమే. కాని వారాల తరబడి తగ్గని తలనొప్పికి మతిమరుపు, ఫిట్స్, ఒక పక్క కాలుచెయ్యి పట్టు తప్పడం తోడైతే వెంటనే నరాల డాక్టరుకు చూపాలి. వ్యాస్కులైటిస్ అనే మెదడు రక్తనాళాల వాపు కావచ్చు. వాచిన నాళం సన్నబడి, రక్తం అందక, చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు.

ఈ అరుదైన జబ్బు ఒక్క పరీక్షతో తేలదు. మామూలు రక్తపరీక్ష బాగానే ఉండవచ్చు. ఎం.ఆర్.ఐ., వెన్నునీటి పరీక్ష, యాంజియోగ్రామ్, కొందరికి మెదడు బయాప్సీ అవసరం. వెన్నునీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని భయపడి వద్దనకండి. క్షయవల్ల కూడా ఈ నాళాలు వాస్తాయి. అప్పుడు క్షయ మందులతోపాటు స్టెరాయిడ్ ఇస్తారు. మన రోగనిరోధక శక్తే నాళాలపై తిరగబడితే స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. క్షయను గుర్తించక ఉత్త స్టెరాయిడ్ వాడితే ప్రాణాపాయం. అందుకే వెన్నునీటి పరీక్ష ముఖ్యం.

గుణం కనిపించిందని స్టెరాయిడ్ మీ అంతట మీరు మానరాదు.

ఎట్టయాపురం, కోవిల్‌పట్టి వారికి తిరునెల్వేలి వైద్య కళాశాల ఆసుపత్రి, విరుదునగర్ వారికి మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రి ఉన్నాయి. హఠాత్తుగా మాట పడిపోతే 108కి ఫోన్ చేయండి. ఒక ఏడాది చదువు పోతే మళ్ళీ చదువుకోవచ్చు. ఆలస్యంవల్ల పడిపోయిన కాలుచెయ్యి తిరిగి రావడం కష్టం.